రెండు లక్షల సీడ్ గ్రాంటు: జూలై దరఖాస్తు నుంచి మార్చి 31 దాకా నా అనుభవం

మా విశ్వవిద్యాలయం అధ్యాపకుల పరిశోధనకు సొంత నిధుల నుంచి ఇచ్చే గ్రాంటును అందరం సీడ్ మనీ అనే అంటాం. నాకు మంజూరైంది 2,00,000 రూపాయలు. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే సరుకులో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) ఎంత ఉందో చూడడం పని. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఈ ఏడాది దరఖాస్తు పెట్టబోయే వాళ్లకు ఉపయోగపడుతుందని లెక్కలతో సహా రాస్తున్నాను. పైకం చిన్నదే అయినా కాగితాల క్రమం పెద్ద గ్రాంటుదే. అది తెలియకపోతే పని బాగా జరిగినా బిల్లు ఆగిపోతుంది.

ముందుగా క్యాలెండర్. మాకు జూలైలో దరఖాస్తులు పిలిచారు, ఆగస్టులో పది నిమిషాల ప్రెజెంటేషన్, సెప్టెంబరు చివర మంజూరు ఉత్తర్వు. సొమ్ములో మొదటి విడత చేతికి అందింది నవంబరులో. ఖర్చు మార్చి 31లోపు చూపించాలి. అంటే 'ఏడాది' అని రాసి ఉన్నా నిజంగా మిగిలేది నాలుగున్నర నెలలు. మిర్చి విషయంలో ఇది ఇంకా ఇరుకు. కొత్త కాయ యార్డుకు ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. మే ఎండల్లో యార్డుకు సెలవులు. ఆ తర్వాత దొరికేది కోల్డ్ స్టోరేజీ సరుకు, దాని తేమ వేరు, నిల్వ వేరు, కొత్త పంటతో కలిపి లెక్క వేయకూడదు. అందుకే ప్రతిపాదన రాసేటప్పుడు మార్చి 31 నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాను: మార్చి 10కి మొదటి విడత లెక్క, ఫిబ్రవరిలో నమూనాలు, జనవరి ఆఖరున పరీక్ష కిట్ ఆర్డరు, డిసెంబరుకు కాయలు పొడి చేసే గ్రైండరు. వరి, పత్తి, మామిడి, ఏ పంట మీద పని అయినా ఇదే తీరులో పంట కాలాన్ని ఆర్థిక సంవత్సరం పక్కన పెట్టి చూసుకోండి. రెండూ కలవకపోతే ప్రశ్ననే మార్చుకోవడం మంచిది.

దరఖాస్తులో పరిశోధకుల పని, ఫలితాల ఆశ అన్నీ రాస్తాం గానీ కమిటీ ఎక్కువసేపు ఆగింది బడ్జెట్ పేజీ దగ్గరే. నాది ఇలా ఉంది: గ్రైండరుకు 38,000, ఎలైసా (రంగు మార్పును బట్టి టాక్సిన్‌ను కొలిచే పరీక్ష) కిట్లు రెండింటికి 90,000, మిథనాలు, వడపోత కాగితాలు, పిపెట్ టిప్పులు వగైరాకు 18,000, బయటి ల్యాబులో పది నమూనాల హెచ్‌పీఎల్‌సీ (యంత్రంతో పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) పరీక్షకు 25,000, ప్రయాణాలకు 12,000, కంటింజెన్సీ (చిల్లర, అనుకోని ఖర్చులు) 17,000. జీతాలు, గౌరవ వేతనాలు సీడ్ గ్రాంటులో ఒప్పుకోరు, అడగకండి.

'మిక్సీ ఉండగా గ్రైండరు ఎందుకు?' అన్నది కమిటీ అడిగిన మొదటి ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్న. అఫ్లాటాక్సిన్ సరుకంతా సమంగా ఉండదు. బూజు పట్టిన ఒక్క తాలు కాయలో చాలా ఉండి, పక్కనున్న వంద కాయల్లో ఏమీ ఉండకపోవచ్చు. కాబట్టి గుప్పెడు కాయలు తీసి పరీక్షిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు. ఒక లాటులో పది టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) పైన, మధ్యన, అడుగున తీసి రెండు కిలోలు చేయాలి. ఆ రెండు కిలోలూ పూర్తిగా పొడి చేసి, కలిపి, నాలుగు భాగాలుగా పంచుకుంటూ తగ్గించి, చివరకు 20 గ్రాములు తీసుకోవాలి. మిక్సీ జారులో ఒక్కసారికి రెండు వందల గ్రాములు పట్టడమే గగనం, పైగా వేడెక్కుతుంది, ముందు నమూనా పొడి మూత సందుల్లో మిగిలి తర్వాత దానిలో కలుస్తుంది. ఈ నాలుగు మాటలు ప్రతిపాదనలోనే ఉంటే ఆ ప్రశ్న వచ్చేదే కాదు.

కిట్ల సంఖ్యకూ లెక్క చూపించాను. ఒక్కో కిట్‌లోని ఎలైసా పళ్లెంలో 96 గుంటలు. ఆరు స్టాండర్డులు (టాక్సిన్ మోతాదు ముందే తెలిసిన ద్రావణాలు) రెండేసి చొప్పున 12 పోతాయి. ఎండుమిర్చి సారం ఎర్రగా ఉండి రంగు కొలతను పాడుచేస్తుంది కనుక, తెలిసిన మోతాదులో టాక్సిన్ కలిపిన మూడు నమూనాల్లో ఎంత తిరిగి దొరుకుతుందో చూడాలి (దీన్నే రికవరీ అంటాం), దానికి మరో ఆరు. మిగిలినవి 78, నమూనాకు రెండు చొప్పున 39 నమూనాలు. ఇదంతా ఒకే విడతలో నడిపితేనే. అదే పళ్లేన్ని మూడు రోజుల్లో ముక్కలుగా వాడితే ప్రతిసారీ స్టాండర్డులు వేయాలి: 36 గుంటలు వాటికే, ఆరు రికవరీకి, చివరకు నమూనాలు 27. 'రెండు కిట్లు, సుమారు 80 నమూనాలు' అని రాసే వాళ్ల కంటే '78 నమూనాలు, కిట్‌కు ఒకే పరుగు' అని రాసిన వాళ్లను కమిటీ నమ్ముతుంది.

కొటేషన్ల దగ్గర నేను రెండు తప్పులు చేశాను. జూలైలో దరఖాస్తు కోసం తెప్పించిన కొటేషన్ గడువు 30 రోజులు. మంజూరు వచ్చేసరికి అది చెల్లదు, మళ్లీ తెప్పించాలి. రెండోది, గ్రైండరు ధర 38,000 అని చూసి అదే రాశాను. కింద చిన్న అక్షరాల్లో జీఎస్టీ అదనం అని ఉంది. 18 శాతం అంటే 6,840, మొత్తం 44,840. పరికరాల పద్దు మంజూరైన దాని కంటే పెంచరు, వేరే పద్దు నుంచి తెచ్చుకోనివ్వరు. చివరకు కాస్త చిన్న సైజు, 32,000కు 5,760 పన్ను కలిపి 37,760కి తీసుకున్నాను. పరిశోధన సంస్థలు కొనే పరికరాలకు ఉన్న 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జూలై 18 నుంచి రద్దయింది. పాత ఫైళ్లు చూసి ఆ శాతం వేసుకోకండి.

25,000 దాటిన ప్రతి కొనుగోలుకు మా నిబంధనల్లో మూడు సీల్డు కొటేషన్లు కావాలి. మూడూ ఒకే స్పెసిఫికేషన్‌కు ఉండాలి: మోటారు సామర్థ్యం, జాలీ సైజు, వారంటీ, డెలివరీ గడువు, రవాణా ఎవరిదో. ఒకటి పన్ను కలిపి, ఒకటి కలపకుండా ఉంటే కంపారిటివ్ స్టేట్‌మెంట్‌లో (ధరలు పోల్చే పట్టికలో) తక్కువ ధర తారుమారవుతుంది. మూడింటిలో రెండింటి మీద ఒకే ఫోను నంబరు ఉంటే ఆడిట్ వారు పట్టుకుంటారు. ముందే చూసుకుని అలాంటిది తిప్పి పంపండి.

తేదీల వరుస ఎప్పుడూ ఇదే: కొటేషన్, కంపారిటివ్ స్టేట్‌మెంట్, పర్చేజ్ ఆర్డరు, డెలివరీ చలాను, ఇన్‌వాయిస్, స్టాక్ రిజిస్టరు, చెల్లింపు. ఇన్‌వాయిస్ తేదీ పర్చేజ్ ఆర్డరు కంటే ఒక్కరోజు ముందున్నా బిల్లు వెనక్కి వస్తుంది. బిల్లు మన పేరు మీద కాదు, సంస్థ పేరు, సంస్థ జీఎస్టీ నంబరుతో ఉండాలి. బిల్లు వెనక 'సరుకు మంచి స్థితిలో అందింది, స్టాక్ రిజిస్టరు ఫలానా పేజీలో నమోదైంది' అని రాసి సంతకం పెట్టాకే అకౌంట్స్ విభాగానికి పంపాలి.

కిట్ పర్చేజ్ ఆర్డరులో రెండు షరతులు రాయించాను: అందే రోజుకు కనీసం తొమ్మిది నెలల గడువు మిగిలి ఉండాలి, దారి పొడవునా 2 నుంచి 8 డిగ్రీల మధ్య రావాలి. పెట్టె శుక్రవారం సాయంత్రం బెజవాడ చేరితే సోమవారం దాకా గోదాములో ఉండిపోతుంది, అందుకే సోమ, మంగళవారాల్లోనే పంపమన్నాను. పెట్టె విప్పగానే ఐసు ప్యాకు గట్టిగా ఉందో కరిగిందో ఫోటో తీసి చలాను మీద రాయాలి. కరిగి ఉంటే ఆ మాట రాయకుండా సంతకం చేయకండి, తర్వాత మార్చి ఇవ్వమని అడిగే ఆధారం ఉండదు.

నేను పూర్తిగా మర్చిపోయిన ఖర్చు మిర్చి కాయలే. 39 నమూనాలకు రెండేసి కిలోలంటే 78 కిలోలు, కిలో 120 చొప్పున 9,360. మొదటి విడతగా వచ్చిన 1,20,000లో గ్రైండరు, ఒక కిట్, రసాయనాలు, ప్రయాణాలు పోగా కంటింజెన్సీకి మిగిలింది 7,000. తక్కువపడిన 2,360ని ప్రయాణ పద్దు నుంచి మార్చుకోవడానికి డీన్ గారి అనుమతికి తొమ్మిది రోజులు పట్టింది. యార్డులో లాటు తొమ్మిది రోజులు ఉండదు, అనుకున్న రోజుల్లో కాకుండా తర్వాతి వారం సరుకు తీసుకోవాల్సి వచ్చింది. 'నమూనాల కొనుగోలు' అని విడిగా ఒక వరుస బడ్జెట్‌లో పెట్టండి. రైతు దగ్గర కొంటే జీఎస్టీ బిల్లు రాదు. పేరు, ఊరు, రకం (తేజ, 334, 341 ఏదైతే అది), కిలోలు, ధర, సంతకంతో వోచరు రాయించుకోవాలి. మొత్తం 5,000 దాటితే రెవెన్యూ స్టాంపు అంటించాలి. తేమ శాతం, కల్లంలో నేల మీద ఆరబెట్టారా, పట్టా మీదా అన్నది కూడా అప్పుడే అడిగి రాసుకుంటే శాస్త్రపరంగా అదే అసలు విలువైన సమాచారం.

మొదటి విడత వినియోగ ధ్రువపత్రం ఇస్తేనే రెండో విడత 80,000 వస్తుంది. దాని నమూనా కేంద్ర నిధులకు వాడే జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి) 12-ఏ పత్రానికి దగ్గరగానే ఉంటుంది. పరికరాల పద్దులో మిగిలిన 240 రూపాయలను కాగితాల ఖర్చులో కలపకుండా విడిగా చూపించి తిరిగి కట్టాను. అంత చిన్న మొత్తానికే ఇంతకుముందు కొన్ని ఫైళ్లు నెలలు ఆగాయని సూపరింటెండెంట్ గారు ముందే హెచ్చరించారు. మార్చి 10న ఇచ్చాం కనుక రెండో కిట్ బిల్లు 27వ తేదీతో వచ్చింది. ఏప్రిల్ తేదీ బిల్లు ఎంత న్యాయమైనదైనా ఆ ఏడాది లెక్కలోకి రాదు.

హెచ్‌పీఎల్‌సీకి పంపే పది నమూనాలను ఎలైసాలో ఎక్కువ చూపినవే ఏరి పంపకూడదు. ఎండుమిర్చికి యూరోపియన్ యూనియన్ పరిమితి కిలోకు బీ1 (అఫ్లాటాక్సిన్లలో అత్యంత ప్రమాదకరమైన రకం) 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవి నాలుగు, బాగా ఎక్కువవి మూడు, లేవని తేలినవి మూడు పంపాను. రెండు పద్ధతులూ గీత దగ్గరే తేడా పడతాయి, అక్కడి పోలికే మనకు కావాలి. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ లాంటి చోట్లకు పెద్ద నిధుల కోసం వెళ్లినప్పుడు ప్రాథమిక ఫలితాలుగా పెట్టగలిగేది ఈ పట్టికే. విశ్వవిద్యాలయం వైపు నుంచి చూస్తే, న్యాక్ (విద్యా సంస్థల నాణ్యతను మదింపు చేసే సంస్థ) వారు సీడ్ మనీ వివరాలు అడుగుతారు కాబట్టి మంజూరు ఉత్తర్వు, ధ్రువపత్రం నకళ్లు పరిశోధన విభాగానికీ ఇవ్వాలి.

చివరి నివేదికతో పాటు గ్రైండరును నా పేరు నుంచి శాఖ ఆస్తుల రిజిస్టరుకు బదిలీ చేసి, పక్కన లాగ్ పుస్తకం కట్టాం. మిర్చి పట్టిన తర్వాత హైపోక్లోరైట్‌తో కడిగిన తేదీ, ఎవరు కడిగారో అందులో రాయాలి. అది రాయని రోజు తర్వాతి వాళ్లు పసుపు నమూనాలు పట్టకూడదని గ్రైండరు పక్కనే కాగితం అంటించాను.