సంచిలో పైన్ మొక్క

సాలూరులో బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. షేర్ జీపతను ఒడిశాలోని సెమిలిగూడకి మూడొందలన్నాడు. పోయినేడు ఇదే దారికి రెండొందలిచ్చాను. ఎండలో నిలబడలేక ఎక్కాను.

సుంకి ఘాట్ మలుపుల్లో పక్కసీటాయన కొండమీది చెట్లు చూపించి, "కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మనకేటండి నష్టం? చెట్లకదే తిండి. ఇంకా ఏపుగా ఎదుగుతాయి" అన్నాడు. ముప్పై ఏళ్లు బోటనీ చెప్పినవాణ్ణి, వెంటనే జవాబివ్వలేకపోయాను. ఎందుకంటే అందులో సగం నిజమే. ఆ మిగతా సగం దారి పొడుగునా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

సెమిలిగూడలో మా మేనల్లుడికి నర్సరీ ఉంది. సిల్వర్ ఓక్, సరుగుడు, కాఫీ మొక్కలే ఎక్కువ. ఓ మూల నలభై పైన్ మొక్కలు, ఎర్రబడిన సూదులతో. "రెండూ ఒకే జాతి కదా మావయ్యా, సరుగుడు నడుమెత్తు లేచింది, ఇవి మూడేళ్లయినా జానెడే" అని దిగులుపడ్డాడు. ఒకే జాతి కాదు. సరుగుడు పూలు పూసే చెట్టు, మనం ఆకులనుకునేవి దాని సన్నటి కొమ్మలు. పైన్‌కి పువ్వే లేదు.

ఒక పైన్ మొక్క సంచిని బ్లేడుతో నిలువునా కోయించాను. వేళ్లు అడుగున చుట్టకుదురులా మెలిపడి ఉన్నాయి. వేరుకొసల్ని అంటిపెట్టుకుని ఉండాల్సిన తెల్లటి బూజుపోగులు ఒక్కటీ లేవు. ఆ శిలీంధ్రమే పైన్‌కి మట్టిలోంచి నత్రజని, భాస్వరం తెచ్చిపెడుతుంది.

జీపులో చెప్పాల్సిన మాట అప్పుడు వాడికి చెప్పాను. గాలిలో పది లక్షల పాళ్లకి కార్బన్ డయాక్సైడ్ 1958లో 315 పాళ్లుండేది, ఇప్పుడు 420 దాటింది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం అడవిలో 1996 నుంచి 2010 దాకా పైన్ చెట్ల చుట్టూ గొట్టాలు నిలబెట్టి, ఇంకో 200 పాళ్లు అదనంగా వదిలారు. మొదట్లో చెట్లు బాగా లావెక్కాయి. లేత వయసులోనే కాయల్లాంటి కోన్లు కాశాయి, అవీ మూడింతలు. కానీ సారం అంతంతమాత్రంగా ఉన్న నేలలో ఆ ఊపు మూడేళ్లకే తగ్గిపోయింది. నత్రజని వేసిన చోట మళ్లీ పుంజుకున్నాయి. చిన్న కుండీల్లో వేళ్లకి చోటు లేకపోయినా అంతే, గాలిలో ఎంత తిండి ఉన్నా మొక్క అందుకోలేదు.

"అంటే గంజి ఎంత పోసినా పప్పు లేనిదే పిల్లోడు ఎదగడన్నమాట" అన్నాడు వాడు. నా పాఠాలన్నిట్లోనూ ఇంత సూటి మాట రాలేదు.

మిగతా రెండు రోజులు నేను వచ్చిన పెళ్లి పనుల్లో పోయాయి. తిరుగు ప్రయాణం అరకు మీదుగా పెట్టుకున్నాను. వాడూ బైకు మీద వెనకాలే వచ్చాడు. పైన్ తోట కాపలాదారుని అడిగి, పెద్ద చెట్టు మొదట్లో రాలిన సూదులు పక్కకి నెట్టాం. చల్లటి మట్టి, మధ్యలో సాలెగూడంత సన్నటి తెల్లపోగులు. తన పైన్ మొక్కలకి వేయడానికి వాడు ఆ మట్టి అరసంచి నింపుకుని, ఎండ తగలకుండా మూతికి తడిగుడ్డ కట్టాడు.