లినక్స్‌తో కుదిరే మ్యూజిక్ ప్లేయర్ కోసం వెతుకులాట: నా అనుభవం

మా నాన్న దాదాపు ముప్ఫై ఏళ్లపాటు రేడియోలో వచ్చిన కచేరీలనూ, హరికథలనూ, నాటికలనూ టేప్‌రికార్డర్‌లో పట్టి దాచుకున్నారు. మొత్తం 140 కేసెట్లు. ఉప్పల్‌లోని మా ఇంట్లో అటక మీదున్న వాటిలో కొన్నింటికి బూజు పట్టడం చూసి, ఇంకా ఆలస్యం చేస్తే వినడానికి ఏమీ మిగలదని భయపడి, ఒక్కొక్కటే లాప్‌టాప్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. 90 నిమిషాల కేసెట్ ఎక్కాలంటే 90 నిమిషాలు ఆగవలసిందే కనుక ఆ పనికి ఏడాదిన్నర పట్టింది. రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే ప్రోగ్రామ్ వాడాను, దాచడానికి ఫ్లాక్ పద్ధతిని ఎంచుకున్నాను. ఫ్లాక్‌లో శబ్దం ఏమాత్రం నష్టపోదు, పైగా దాని మీద ఎవరి పేటెంట్ ఆంక్షలూ లేవు. సీడీ నాణ్యతలో గంట శబ్దం కుదించకుండా ఉంచితే సుమారు 635 ఎంబీ ఉంటుంది. ఫ్లాక్ దాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది, అయితే టేపుల్లో ఉండే ‘స్‌స్‌’ అనే హోరు సరిగా కుదించుకోదు కనుక నాకు గంటకు 350 ఎంబీ దాకా అయ్యింది. అలా 170 గంటల సంగీతం 60 జీబీకి చేరింది.

ఇక మిగిలింది దాన్ని నాన్న చేతికి అందించడం. ఆయన వయసు 76. ఫోన్‌లో వినమంటే మధ్యలో కాల్ వచ్చి పాట ఆగిపోతుందనీ, మళ్లీ ఎక్కడ ఆగిందో వెతుక్కోవాలనీ ఆయనకు చిరాకు. అందుకని పాటలకే పరిమితమైన చిన్న ప్లేయర్ ఒకటి కొనాలనుకున్నాను. నా లాప్‌టాప్‌లో పదేళ్లుగా విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, డెబియన్ లినక్స్ తప్ప మరొకటి లేదు, కేవలం ఒక ప్లేయర్ కోసం విండోస్ పెట్టుకునే ఉద్దేశమూ లేదు.

మొదటి ప్లేయర్‌ను ఆన్‌లైన్‌లో కొన్నాను. అమ్మకం పేజీలో ‘అన్ని కంప్యూటర్లతో పనిచేస్తుంది’ అని రాసి ఉన్న మాటను నమ్మడం నా మొదటి పొరపాటు. లాప్‌టాప్‌కు తగిలించగానే ఫైల్ మేనేజర్‌లో దాని పేరు కనబడింది, ఫోల్డర్లూ తెరుచుకున్నాయి, ఇంకేముంది అనుకున్నాను. కానీ పాటలు పంపడం మొదలుపెట్టిన పది నిమిషాలకు అంతా బిగుసుకుపోయింది. తీసి మళ్లీ పెడితే మరికొన్ని వెళ్లాయి, మళ్లీ ఆగిపోయింది. రెండు రాత్రులు దీనితో కుస్తీ పట్టాక గాని అసలు సంగతి నాకు బోధపడలేదు.

ప్లేయర్లు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు ముఖ్యంగా రెండు. మాస్ స్టోరేజ్ అనే పాత పద్ధతిలో ప్లేయర్ తన నిల్వనంతా కంప్యూటర్ చేతిలో పెట్టి తాను పక్కకు తప్పుకుంటుంది, అంటే అది అచ్చం పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది. ఎంటీపీ అనే రెండో పద్ధతిలో తాళాలన్నీ ప్లేయర్ దగ్గరే ఉంటాయి. కంప్యూటర్ ‘ఈ ఫైల్ తీసుకో’, ‘ఆ ఫైల్ ఇవ్వు’ అని అడగగలదే తప్ప డిస్కును నేరుగా తాకలేదు. మైక్రోసాఫ్ట్ రూపొందించిన ఈ పద్ధతిని 2008లో యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ తన ప్రమాణాల్లో చేర్చుకుంది. ఒకే నిల్వను అటు పరికరమూ ఇటు కంప్యూటరూ ఏకకాలంలో వాడుకోగలగడం దీని వల్ల కలిగే లాభం, అందుకే ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ దీనికి మళ్లాయి. లినక్స్‌లో లిబ్‌ఎంటీపీ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ద్వారా ఇది పనిచేస్తుంది కూడా. కానీ పది పాటలు పంపుకోవడం వేరు, 60 జీబీ భాండాగారాన్ని నెలనెలా సరిచూసుకోవడం వేరు. నేను ఫైళ్లు సరిచూడటానికి వాడే ఆర్‌సింక్ ఏ ఫైల్ మారిందో దాని పరిమాణాన్నీ తేదీనీ చూసి గుర్తిస్తుంది. ఎంటీపీ గుండా వెళ్లిన ఫైళ్లకు నా తేదీలు నిలవలేదు కనుక అది ప్రతిసారీ అన్నింటినీ కొత్తవిగా భావించి మొదటి నుంచి పంపడానికి సిద్ధపడింది. ఆ ప్లేయర్‌లో మాస్ స్టోరేజ్‌కు మార్చుకునే వీలు లేదు, మెమరీ కార్డు పెట్టుకునే చోటూ లేదు. వాపసు చేశాను.

ఆ తర్వాత కొన్ని రోజులు పాత దారులు కూడా వెతికాను. నా స్నేహితురాలి దగ్గర ఐపాడ్ క్లాసిక్ ఒకటి మూలన పడి ఉంది. అది డిస్కులాగే కనబడుతుంది గాని, అందులోకి నేరుగా కాపీ చేసిన పాటలను అది పట్టించుకోదు. తన సొంత డేటాబేస్‌లో నమోదైన పాటలనే చూపిస్తుంది, ఫ్లాక్‌ను అసలే పాడదు. రాక్‌బాక్స్ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రామ్) 2001 నుంచి ఇలాంటి ఎన్నో ప్లేయర్లకు కొత్త ప్రాణం పోస్తోంది, దాని వెనకున్న వారి ఓపికకు నాకెంతో గౌరవం. అయితే అది బాగా నడిచే ప్లేయర్లలో చాలావరకు ఇప్పుడు తయారీలో లేవు. పెద్దాయన చేతికి బ్యాటరీ అలసిపోయిన పాత వస్తువును ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

ఈసారి వస్తువును చేత్తో పట్టుకుని, నా లాప్‌టాప్‌తోనే పరీక్షించి కొనాలని నిర్ణయించుకుని కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లాను. వెళ్లేముందు ఒక చిన్న మెమరీ కార్డులో పరీక్ష కోసం కొన్ని ఫైళ్లు సిద్ధం చేసుకున్నాను: ఒక ఫ్లాక్, శబ్దాన్ని దాచే వేరే పద్ధతులైన ఆగ్ వోర్బిస్, ఓపస్ ఒక్కోటి, మూడు గంటల హరికథ ఒకటి, పేర్లూ ట్యాగులూ (ఫైల్‌లోనే రాసి ఉండే పాట వివరాలు) తెలుగులో ఉన్న పాటలు నాలుగు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా మోగవలసిన ఆలాపన, కీర్తన జంట ఒకటి. కచేరీలో ఆలాపన ముగిసిన ఊపిరిలోనే కీర్తన ఎత్తుకుంటారు. అక్కడ ప్లేయర్ ఒక్క క్షణం మూగబోయినా నాన్న సహించరు.

దుకాణంలో నేను లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టగానే యజమాని ఆశ్చర్యంగా చూశాడు. ‘లినక్స్ అంటే ఏంది మేడమ్? కంప్యూటర్‌కు పెడితే నడుస్తది, ఇంకేం గావాలె?’ అన్నాడు. అయినా ఓపిగ్గా మూడు ప్లేయర్లు తీసి చూపించాడు. మొదటి రెండూ తగిలిస్తే చార్జింగ్ గుర్తు వచ్చిందే తప్ప లాప్‌టాప్‌లో ఏ కదలికా లేదు. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఆజ్ఞ ఇచ్చినా వాటి ఊసే లేదు. వాటిని పక్కన పెట్టేయబోతూ, ఎందుకో అనుమానం వచ్చి కేబుల్ మార్చి చూశాను. వెంటనే రెండూ కనబడ్డాయి. చార్జింగ్ కోసమే చేసిన కొన్ని కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. ఆ సంగతి తెలిసి కూడా దాదాపు మోసపోయాను కనుక, ఈ పని మీద వెళ్లేవారు మంచిదని రుజువైన సొంత కేబుల్‌ను వెంట తీసుకెళ్లమని గట్టిగా చెబుతాను.

వాటిలో ఒక బటన్ల ప్లేయర్ నాకు ఎంతో నచ్చింది. తగిలించగానే లోపలి మెమరీ ఒక డిస్కుగా, కార్డు మరో డిస్కుగా విడివిడిగా వచ్చాయి. ఫ్లాక్, ఓపస్ రెండూ పాడింది, ఆలాపన నుంచి కీర్తనకు జారడంలో ఎక్కడా అతుకు వినబడలేదు. తెర చాలా చిన్నది కనుక పేర్లు అంతగా చదవకుండానే కొనేశాను. ఆ తొందర నాకు మళ్లీ కోఠి దాకా తిరుగుడు పెట్టింది.

ఇంటికి వచ్చాక మొదట ఎదురైన చిక్కు ఫైళ్ల పేర్లది. నా పేర్లలో ‘రాగం: కల్యాణి’ వంటివి చాలా ఉన్నాయి. లినక్స్‌కు అభ్యంతరం లేని ఆ రెండు చుక్కల గుర్తును కార్డుల మీద ఫైళ్లను అమర్చే ఫ్యాట్ పద్ధతి ఒప్పుకోదు, ప్రశ్నార్థకాన్నీ ఒప్పుకోదు. అలాంటి పేర్లన్నీ మార్చుకున్నాను. రెండోది వరుస. ఆ ప్లేయర్ పాటలను పేర్ల క్రమంలో గాక, కార్డు మీదికి ఎక్కిన క్రమంలో వాయించింది. ఫ్యాట్‌సార్ట్ అనే చిన్న సాధనం ఒక్క నిమిషంలో ఆ వరుస సరిచేసింది. ఇవి ఓపికతో తీరే చిక్కులే.

తీరనిది తెర మీద తెలుగు. నాన్న కళ్లద్దాలు సవరించుకుని, ‘ఇదేమిటమ్మా, అక్షరాలన్నీ ఇలా చెదిరిపోయాయి?’ అని అడిగారు. ఆ ప్లేయర్‌లో తెలుగు అక్షరాల బొమ్మలు ఉన్నాయి గాని, వాటిని కూర్చే తెలివి లేదు. ‘లక్ష్మి’ అన్న మాటలో ఒత్తు కిందికి చేరక, క్, ష్ రెండూ పొల్లులతో విడిగా నిలబడ్డాయి, గుడులు అక్షరాన్ని వదిలి పక్కకు జరిగాయి. మన లిపిలో ఏ అక్షరం పక్కన ఏది వస్తే దాని రూపం ఎలా మారాలో నిర్ణయించడానికి ప్రత్యేకమైన ప్రోగ్రామ్ కావాలి. లినక్స్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది, చిన్న ప్లేయర్ల ఫర్మ్‌వేర్‌లో సాధారణంగా అలాంటిది ఉండదు. పేర్లన్నీ ఇంగ్లీషు లిపిలోకి మార్చేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇచ్చారు. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పిన మనిషికి, ఆయన స్వయంగా కేసెట్ అట్టల మీద రాసుకున్న పేర్లను పరాయి లిపిలో చూపించడం నాకు సబబుగా తోచలేదు.

అప్పుడు నా ముందున్న చిక్కు స్పష్టమయింది. తెలుగును చక్కగా చూపించే ఆండ్రాయిడ్ ప్లేయర్లు ఎంటీపీతో ఇబ్బంది పెడతాయి, పెన్‌డ్రైవ్‌లా వినయంగా ఒదిగే ప్లేయర్లు తెలుగును విరిచేస్తాయి. రెండు మూడు రోజులు ఆలోచించాక తట్టింది: ప్లేయర్‌ను లాప్‌టాప్‌కు తగిలించవలసిన అవసరమే లేదు. కార్డును బయటికి తీసి కార్డ్ రీడర్‌లో పెడితే ఎంటీపీ ప్రసక్తే రాదు. అంటే నేను చూడవలసింది కార్డు చోటు ఉందా, అది సులువుగా బయటికి వస్తుందా అన్న రెండు విషయాలు. ఇంత తేలికైన మాట మొదటి రోజే తట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ కోఠికి వెళ్లాను. బటన్ల ప్లేయర్ పెట్టెతో సహా కొత్తదానిలాగే ఉండటంతో యజమాని దాన్ని తీసుకుని, కొంత పైకం కట్టించుకుని, ఆండ్రాయిడ్‌తో నడిచే ప్లేయర్ ఇచ్చాడు. తెర ఆగి ఉన్నప్పుడు కూడా పనిచేసే బటన్లు దాని పక్కన మూడున్నాయి: ఆపడానికి, ముందుకూ వెనక్కూ వెళ్లడానికి. మోడల్ పేర్లు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే అవి ఏడాది తిరగకముందే అంగట్లోంచి మాయమవుతాయి. లక్షణాలు మాత్రం మారవు.

కార్డు విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. మొదట నేను వేరే చోట కొన్న కార్డు అట్ట మీద 128 జీబీ అని ఉంది గాని, ఎఫ్3 అనే సాధనంతో పూర్తిగా రాసి, తిరిగి చదివించి చూస్తే 30 జీబీ దాటాక రాసినదేదీ తిరిగి రాలేదు. రశీదు ఉండబట్టి డబ్బు వెనక్కి వచ్చింది. ఆ పరీక్ష చేయకుండా పాటలు ఎక్కించి ఉంటే సగం కచేరీలు ఎందుకు మోగడం లేదో తెలియక ఎన్నాళ్లు తికమకపడేదాన్నో. రెండోది, కార్డు పెట్టగానే ప్లేయర్ దాన్ని సొంత నిల్వలో కలుపుకోమంటారా అని అడిగింది. ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న ఈ సదుపాయానికి ఒప్పుకుంటే కార్డు మొత్తం ఆ ఒక్క పరికరానికే తెలిసిన తాళంతో మూసుకుపోతుంది, లాప్‌టాప్‌లో ఇక చదవలేము. బయటికి తీయగలిగే నిల్వగానే ఉంచమని చెప్పాలి.

128 జీబీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. మైక్రోసాఫ్ట్ 2019లో దాని వివరాలు బయటపెట్టాక లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే అది చేరింది కనుక ఇప్పుడు ఇబ్బంది లేదు. అయినా నేను దాన్ని ఫ్యాట్32కి మార్చుకున్నాను. ఒక్కో ఫైల్ 4 జీబీ లోపే ఉండాలన్నది దాని నియమం, నా దగ్గరున్న పెద్ద హరికథ కూడా 1 జీబీని కాస్త దాటుతుందంతే. ఫ్యాట్‌లో సమయం రెండు సెకన్ల మెట్లలో నమోదవుతుంది కాబట్టి, ఆర్‌సింక్‌కు ఆ మాత్రం తేడాను పట్టించుకోవద్దని చెప్పుకోవాలి. చివరగా, కాపీ అయినట్టు కనబడగానే కార్డు లాగేయకూడదు. రాయవలసినది ఇంకా లాప్‌టాప్ మెమరీలోనే ఉండవచ్చు, కార్డును సురక్షితంగా విడదీసే అన్‌మౌంట్ పూర్తయ్యే దాకా ఆగాలి.

మొదటిసారి 60 జీబీ ఎక్కడానికి గంటకు పైగా పట్టింది. మర్నాడు పొద్దున నాన్న వరండాలో కూర్చుని జాబితా మొత్తం కిందిదాకా చదువుకుంటూ వెళ్లారు, ఒత్తులన్నీ వాటి స్థానాల్లో ఉన్నాయి. మధ్యలో ఒకచోట ఆగి, ‘ఇది శంకరాభరణం కాదమ్మా, బిలహరి’ అన్నారు. కార్డు తీసుకుని, లాప్‌టాప్‌లో కిడ్3 తెరిచి ట్యాగు దిద్ది, ఆర్‌సింక్ నడిపాను. వేలాది ఫైళ్లను చూసి అది ఆ ఒక్కదాన్నే పంపింది. కార్డు మళ్లీ ఆయన చేతికి వచ్చేసరికి ఇంకా రెండు నిమిషాలు కాలేదు.