నిండుగానే తిరిగొచ్చిన నీళ్ల బాటిల్

మా పాపకి ఆరేళ్లు. నిరుడు ఆరు నెలల్లో మూడుసార్లు జ్వరం వచ్చింది. జలుబు లేదు, దగ్గు లేదు, ఒళ్లు మాత్రం కాలిపోయేది. మొదటి రెండుసార్లు దగ్గర్లోని క్లినిక్‌లో యాంటీబయాటిక్ సిరప్ రాశారు, తగ్గింది, మేమూ మర్చిపోయాం. మూత్రం పరీక్ష చేయిద్దామని ఎవరికీ తట్టలేదు, నాక్కూడా.

మూడోసారి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ మందు రాసేముందే యూరిన్ కల్చర్ చేయించమన్నారు, అంటే మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష. యాంటీబయాటిక్ ముందే పడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చట. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. నేను డబ్బా పట్టుకుని కూర్చుంటే, "నువ్వు చూస్తుంటే రావట్లేదమ్మా" అని ఇరవై నిమిషాలు బిగబట్టింది. చివరికి కుళాయి తిప్పాను, ఆ చప్పుడుకి వచ్చింది.

రెండు రోజులకి రిపోర్ట్: ఈ.కోలై అనే బ్యాక్టీరియా, అంటే మూత్రంలో ఇన్ఫెక్షన్. దానికిచ్చిన యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక అల్ట్రాసౌండ్, తర్వాత ఎంసీయూ అనే ఎక్స్‌రే పరీక్ష. సన్నని గొట్టంతో మూత్రాశయం నిండా ఎక్స్‌రేలో కనిపించే మందు నింపి, పిల్ల మూత్రం పోస్తుండగా ఎక్స్‌రే తీస్తారు. పాప ఏడ్చింది, నేను తర్వాత ఏడ్చాను. ఎడమవైపు మూడో గ్రేడ్ రిఫ్లక్స్, అంటే కిందికి పోవాల్సిన మూత్రం కొంత వెనక్కి కిడ్నీ వైపు ఎక్కుతోంది. దాంతోపాటు ఇన్ఫెక్షనూ ఎక్కితే కిడ్నీ మీద మచ్చ పడొచ్చు, ఆ మచ్చ వల్ల ముందుముందు బీపీ రావచ్చు. నాలుగు నెలలు ఆగి, కిడ్నీ మీద మచ్చలు చూపించే డీఎంఎస్ఏ స్కాన్ చేశారు. చిన్న మచ్చ ఒకటి పడే ఉంది.

డాక్టర్ అడిగిన ప్రశ్నలే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. రోజుకి ఎన్నిసార్లు వెళ్తుంది? విరేచనం రోజూ అవుతుందా? నా దగ్గర జవాబు లేదు. పొద్దున నింపి పంపిన బాటిల్ సాయంత్రం నిండుగానే వచ్చేది, ఆటల్లో పడి తాగట్లేదులే అనుకునేదాన్ని. బడిలో బాత్రూమ్ కంపు భరించలేక, అసలు వెళ్లే పనే లేకుండా నీళ్లు మానేసిందట! రిఫ్లక్స్ చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది, అది మన చేతిలో లేదు. బిగబట్టుకోవడం, మలబద్ధకం మాత్రం మన చేతిలోవే. పేగు నిండి ఉంటే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదట.

ఇప్పుడు మూడు గంటలకోసారి బాత్రూమ్, అయ్యాక కాసేపాగి మళ్లీ ఒకసారి. క్లాస్ టీచర్‌తో మాట్లాడాను, అడగకుండానే పంపుతున్నారు. ఇన్ఫెక్షన్ మళ్లీ రాకుండా రాత్రిపూట చిన్న డోసు మందు, వెళ్లినప్పుడల్లా బీపీ చూస్తారు. కారణం తెలియని జ్వరమొస్తే ముందు యూరిన్ టెస్టే.

మొన్న బాటిల్ ఖాళీగా వచ్చింది, తెగ సంబరపడ్డాను. సగం బడిలో మందారం మొక్కకి పోసిందట.