బీపీ కనపడేది ఏడో నెలలో, గోలీ మొదలవ్వాల్సింది నాలుగో నెలలో

మన పాలమూరు, నల్గొండ పల్లెల్లో మూడో నెల నిండేదాకా కడుపుతో ఉన్న ముచ్చట బయటికి చెప్పరు, దిష్టి తగులుతుందని. చుట్టాలకు చెప్పకుంటే ఏం కాదు. కొందరికి దవాఖానకు పోవడం కూడా ఐదో నెల దాకా సాగుతోంది. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు (ప్రీఎక్లాంప్సియా) విషయంలో చిక్కంతా అక్కడే.

మాయ గర్భసంచిలో వేళ్లూనుకునే పని చాలావరకు 20 వారాల లోపే అయిపోతుంది. అప్పుడు రక్తనాళాలు సరిగా వెడల్పు కాకుంటే తర్వాత మాయకు రక్తం చాలదు. 140/90 దాటే బీపీ, మూత్రంలో ప్రొటీన్, ముదిరితే ఫిట్స్ (మనోళ్లు గుర్రపువాతం అనేది దీన్నే), అన్నీ దాని వెనకాలే వస్తాయి. అందుకే చిన్న డోసు ఆస్పిరిన్ 12 వారాలు నిండాక, 16 లోపు మొదలుపెట్టాలి. 2017లో వెలువడిన ఆస్ప్రి అధ్యయనంలో ముప్పు ఎక్కువున్న గర్భిణులు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు 36 వారాల దాకా వాడితే, 37 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. బీపీ పెరిగినంక వేసుకుంటే లాభం లేదు. ఇది బీపీ దించే గోలీ కాదు.

పోయిన కాన్పులో బీపీ వచ్చినా, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నా, కవలలైనా ఈ గోలీ గురించి అడగడానికి ఒక్క కారణమే చాలు. తొలిచూలు, 35 దాటిన వయసు, ఊబకాయం, తల్లికో అక్కకో వచ్చి ఉండటం లాంటివైతే రెండు కలిస్తే డాక్టర్‌ను అడగండి. అల్సర్ గానీ, ఆస్పిరిన్ పడని ఆస్తమా గానీ ఉంటే దాచకండి. ఎన్‌టీ స్కాన్ (11 నుంచి 14 వారాల మధ్య చేసేది) రోజే గర్భసంచి రక్తనాళాల డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) కూడా చూడమనండి.

బీపీ చూసే ముందు మూత్రానికి పోయి, ఐదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ రవిక చేతి మీద కాదు, చర్మం మీద చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువొస్తుంది. దవాఖానలో ఇచ్చే గర్భిణి కార్డులో ప్రతి నెలా 120/80 అనే ఉంటే, కొలవకుండానే రాశారేమోనని నాకైతే అనుమానమే.

కాల్షియం, ఐరన్ గోలీలు ఒక్కసారే మింగొద్దు, ఐరన్ ఒంటబట్టదు. రెండు గంటల ఎడం ఉంచండి. ఉప్పు మానేస్తే ఈ జబ్బు ఆగదు. తొలి కాన్పుకు పుట్టింటికి పోయేటప్పుడు చీరెల కన్నా ముందు ఆ కార్డు సంచిలో పెట్టుకోండి.

కాన్పయినంక మూడు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ ఎగబాకొచ్చు, సరిగ్గా ఇంటికి పంపే రోజుల్లో. బాలింతకు తల పగిలేలా నొప్పి, కళ్లు మసకలు, డొక్కలో కుడిపక్క నొప్పి వస్తే చల్లగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి పడుకోబెట్టకండి, 108కి ఫోన్ చేయండి.