సెయింట్ ఆగ్ బ్యాండ్ కోసం న్యూ ఆర్లీన్స్ వెళ్లొచ్చాను

న్యూ ఆర్లీన్స్ వెళ్తున్నానంటే అందరూ ఫ్రెంచ్ క్వార్టర్ గురించి, జాజ్ గురించి చెప్పారు. నేను మార్డీ గ్రా (ఈస్టర్ ముందు ఉపవాస దినాలు మొదలయ్యేలోపు పెరేడ్లతో జరుపుకునే పండగ) సీజన్‌లో హ్యూస్టన్ నుంచి కారేసుకుని బయల్దేరింది మాత్రం ఒక హైస్కూలు బ్యాండ్ కోసం. సెయింట్ ఆగస్టీన్ హైస్కూల్, ఊళ్లో అందరి నోటా సెయింట్ ఆగ్. నల్లజాతి అబ్బాయిల కోసం 1951లో మొదలైన ప్రైవేటు క్యాథలిక్ స్కూలు. ఆ బ్యాండ్ పేరు మార్చింగ్ 100. దీని గురించి చాలాకాలంగా చదువుతున్నాను, ఎంత చదివినా వీధిలో నిలబడి చూడకపోతే లాభం లేదనిపించింది.

ఐ-10 హైవే మీద ఐదారు గంటల ప్రయాణం. అచఫలాయా చిత్తడి నేలల మీద వేసిన ఆ పొడవాటి వంతెన దాటాక బేటన్ రూజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం మామూలే, దాని గురించి ఎక్కువ చెప్పను. ఊళ్లోకి వచ్చాక అదే ఐ-10 క్లెయిబోర్న్ ఎవెన్యూ నెత్తిమీదుగా వెళ్తుంది. ఒకప్పుడు ఆ వీధి మధ్యలో వరసగా పెద్ద పెద్ద ఓక్ చెట్లుండేవి, నల్లజాతి కుటుంబాలు మార్డీ గ్రా రోజు వాటి నీడలోనే చేరేవి, రెండు పక్కలా వాళ్ల దుకాణాలుండేవి. 1960లలో ఈ ఫ్లైఓవర్ కోసం ఆ చెట్లన్నీ నరికేశారు. ఈ సంగతి తెలిసి ఆ రోడ్డు మీద కారు నడపడం కష్టంగానే ఉంటుంది.

అక్కణ్నించి స్కూలు దగ్గరే. ముందే చెప్తున్నా, సెయింట్ ఆగస్టీన్ పేరుతో ట్రెమే అనే పేటలో ఒక పాత చర్చి కూడా ఉంది, 1841లో మొదలైంది, దాని పక్కన పేరు తెలియని బానిసల స్మారకంగా గొలుసులతో చేసిన పెద్ద ఇనుప శిలువ ఉంటుంది. అది తప్పకుండా చూడండి, కానీ స్కూలు అది కాదు. స్కూలు సెవెంత్ వార్డ్ అనే పేటలో ఏ.పి. ట్యురో ఎవెన్యూ మీద ఉంది. ట్యురో అంటే లూసియానాలో స్కూళ్లలో జాతి వేర్పాటు మీద ఏళ్ల తరబడి కేసులు నడిపిన నల్లజాతి లాయరు. ఆ వీధి పేరు ఒకప్పుడు లండన్ ఎవెన్యూ, తర్వాత ఆయన పేరు పెట్టారు. ఈ స్కూలుకి ఇంతకన్నా సరైన చిరునామా దొరకదు.

నేను వెళ్లేసరికి సెలవు, గేటు మూసి ఉంది. బయటినుంచే చూశాను. ఊదా, బంగారు రంగులు, అవే స్కూలు రంగులు. భవనంలో ఫొటోలు తీసుకునేంత ఆర్భాటం ఏమీ లేదు, చుట్టూ మామూలు చిన్న చిన్న ఇళ్లు. చాలాసేపు అక్కడే తిరిగాను.

అసలు నల్లజాతివాళ్లకి వేరే క్యాథలిక్ స్కూలు ఎందుకొచ్చిందన్నది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఫ్రెంచి, స్పానిష్ పాలనలో లూసియానాలో బానిసలకి కూడా క్యాథలిక్ బాప్తిస్మం ఇవ్వాలన్నది చట్టం. అందుకే ఇక్కడ తరతరాలుగా క్యాథలిక్కులైన నల్లజాతి కుటుంబాలు చాలా ఉన్నాయి, సెవెంత్ వార్డ్‌లోని క్రియోల్ (ఫ్రెంచి, ఆఫ్రికా మూలాలు కలిసిన) కుటుంబాల్లోనైతే మరీ. కానీ ఆ చర్చిలోనే వాళ్లని వెనక బెంచీల్లో కూర్చోబెట్టారు. తెల్లవాళ్ల క్యాథలిక్ స్కూళ్లలో సీటు ఇవ్వలేదు. ఒకే దేవుడికి మొక్కి, ఒకే పూజలో కూర్చుని, పిల్లాడిని బడిలో వేయాలంటే మాత్రం తలుపు మూసేశారు. నల్లజాతివాళ్ల మధ్య పనిచేయడానికే ఏర్పడిన జోసెఫైట్ ఫాదర్లు సెయింట్ ఆగ్ నడపడానికి ముందుకొచ్చారు. ఈ నగరంలోని క్యాథలిక్ స్కూళ్లలో జాతి వేర్పాటు 1962లో గానీ పోలేదు. దాన్ని ఎత్తేస్తున్నందుకు ఎదురు తిరిగిన ముగ్గురిని ఆర్చిబిషప్ రమ్మెల్ చర్చి నుంచి వెలివేయాల్సి వచ్చింది, అంత గొడవ జరిగింది. స్కూలుకి పేరిచ్చిన సెయింట్ ఆగస్టీన్ ఆఫ్రికాలో పుట్టి అక్కడే బిషప్‌గా పనిచేసినవాడన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ఈ వేర్పాటు గోడ నల్లజాతివాళ్లు కట్టలేదు, కానీ గోడ ఇవతల కట్టుకున్న స్కూలుని ఎవరూ చిన్నచూపు చూడలేనంత ఎత్తుకి తీసుకెళ్లారు. రాష్ట్ర హైస్కూళ్ల క్రీడా సంఘం తెల్లవాళ్ల స్కూళ్లకే పరిమితమైతే సెయింట్ ఆగ్ కోర్టుకెళ్లి గెలిచి మరీ అందులో చేరింది. ఆ తర్వాత 1970లలో ఆ లీగ్‌లోనే ఫుట్‌బాల్ చాంపియన్ అయింది. 1999లో శాన్ ఆంటోనియో స్పర్స్‌కి ఎన్‌బీఏ టైటిల్ తెచ్చిన ఆఖరి బాస్కెట్ వేసిన ఏవరీ జాన్సన్ ఈ స్కూలు కుర్రాడే. ఈ ఊరికి మేయరుగా చేసిన సిడ్నీ బార్తెలెమీ ఇక్కడే చదివాడు. సంగీతకారుడు జాన్ బాటిస్ట్ కూడా ఇక్కడ చదివినవాడే.

ఇక నేను వచ్చిన పని. సాయంత్రం సెయింట్ చార్ల్స్ ఎవెన్యూ మీద నిలబడ్డాను. రోడ్డు మధ్యలో ట్రామ్ పట్టాలుండే గడ్డి జాగాని వీళ్లు న్యూట్రల్ గ్రౌండ్ అంటారు, పిల్లల్ని కూర్చోబెట్టడానికి పైన సీటు బిగించిన నిచ్చెనలు వరసగా పెట్టేస్తారు. పెరేడ్ బండ్ల మీంచి జనానికి విసిరే పూసల దండలు పాతవి చెట్ల కొమ్మలకి వేలాడుతూనే ఉంటాయి. నా పక్కన ఒక పెద్దాయన మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాటల్లో తెలిసింది, ఆయన సెయింట్ ఆగ్‌లో క్లారినెట్ వాయించాడట. ఈ ఊళ్లో ఏ స్కూలు అని అడిగితే హైస్కూలు గురించే అడిగినట్టు, కాలేజీ ఎవరికీ పట్టదు. నేను హ్యూస్టన్ నుంచి బ్యాండ్ కోసం వచ్చానంటే ఆయనేం ఆశ్చర్యపోలేదు. "డ్రమ్ములు వినపడగానే ముందుకి రండి, వెనక నిలబడితే వాళ్ల కాళ్లు కనపడవు" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. ముందు డ్రమ్ములు ఛాతీకి తగిలాయి, తర్వాత రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి నిండుగా ఊదా, బంగారు రంగు వరసలు. ట్రాంబోన్ గొట్టాలన్నీ ఒకే కోణంలో లేచాయి, ఒకేసారి దిగాయి. మోకాళ్లు నడుం దాకా వస్తున్నాయి. నాకు రెండు అడుగుల దూరంలో ఒక పిల్లాడు, పదిహేనేళ్లుంటాయేమో, చెమట కంట్లోకి కారుతున్నా రెప్ప వేయలేదు, చెయ్యి పైకెత్తలేదు. పైనుంచి విసిరిన పూసల దండ భుజాన పడితే అలాగే వదిలేశాడు. పక్కన నీళ్ల సీసాలు పట్టుకుని తల్లిదండ్రులు మైళ్ల కొద్దీ నడుస్తున్నారు.

ఆ పిల్లాడిని చూస్తుంటే నాకు 1967 గుర్తొచ్చింది. మార్డీ గ్రా రోజు తిరిగే రెక్స్ పెరేడ్ 1872 నుంచి నడుస్తున్న తెల్ల పెద్దమనుషుల వేడుక. అప్పటిదాకా అందులో నల్లజాతివాళ్లు దివిటీలు మోయడానికే ఉండేవాళ్లు. ఆ ఏడాది సెయింట్ ఆగ్ బ్యాండ్ మాస్టారు ఎడ్విన్ హాంప్టన్ తన బ్యాండ్‌ని తీసుకుని అందులో నడిచాడు. జనం ఉమ్మారు, సీసాలు, ఇటుకలు, మూత్రం విసిరారు. పిల్లలు వరస చెదరకుండా వాయిస్తూ నడిచారు. స్కూలు పిల్లలండీ వాళ్లు! స్కూలు మొదలైన కొత్తల్లోనే బ్యాండ్ బాధ్యత తీసుకుని అర్ధ శతాబ్దం పైగా నడిపిన ఆ మాస్టారు 2009లో పోయాడు. ఆయన నేర్పిన క్రమశిక్షణంతా ఆ ఒక్క రోజు కోసమేనేమో అనిపించింది నాకు.

క్రమశిక్షణ అంటే ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ స్కూల్లో చెక్క పాడిల్‌తో కొట్టే పద్ధతి చాలా ఏళ్లుండేది. 2011లో ఆర్చిబిషప్ అది ఆపాల్సిందే అంటే పిల్లలు, తల్లిదండ్రులు, పాత విద్యార్థులు దాన్ని వెనకేసుకొస్తూ ఊరేగింపు తీశారు. పిల్లల్ని కొట్టడం నేను ఒప్పుకోను, ఏ కారణానికైనా. కానీ మా పిల్లల్ని ఎలా పెంచాలో మేం చెప్పుకుంటాం, పైనుంచి మాకు చెప్పొద్దు అన్న వాళ్ల కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ వీధుల్లో తిరిగాక అర్థమైంది.

పెరేడ్ అయ్యాక ఆ పెద్దాయన కట్రీనా తుఫాను సంగతులు చెప్పాడు. 2005 ఆగస్టులో ఊళ్లో ఎనభై శాతం మునిగితే ఈ స్కూలూ మునిగింది. 2006 జనవరిలో సెయింట్ మేరీస్ అకాడమీ, సెయింట్ ఆగస్టీన్, గ్జేవియర్ ప్రెప్ మూడూ కలిసి, అంత దెబ్బ తినని గ్జేవియర్ ప్రెప్ భవనంలో, మూడు పేర్ల మొదటి అక్షరాలతో మాక్స్ (MAX) అనే పేరు పెట్టుకుని ఒకే బడిగా నడిచాయి. మొదటి రెండూ నీళ్ల పాలైనవే. సెయింట్ ఆగ్ తప్ప మిగతా రెండూ అమ్మాయిల స్కూళ్లు, అలా అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే తరగతుల్లో. ఇళ్లు లేవు, వాయిద్యాలు పాడైపోయాయి, అయినా ఆ ఫిబ్రవరిలో మార్డీ గ్రాకి మాక్స్ బ్యాండ్ రోడ్డెక్కింది. ఇళ్లు పోగొట్టుకున్న జనం ఆ బ్యాండ్ వస్తుంటే ఏడ్చారని ఆయన చెప్పాడు, చెప్తూ తనూ ఏడ్చాడు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ఫ్రెంచ్ క్వార్టర్‌లో నిలబడి ఎదురుచూడకండి, పెద్ద పెరేడ్లు 1970ల నుంచి ఆ ఇరుకు వీధుల్లోకి రావడం లేదు. సెయింట్ చార్ల్స్ మీద, నెపోలియన్ ఎవెన్యూ దాటాక చోటు చూసుకోండి, అక్కడ పిల్లలు ఇంకా అలసిపోయి ఉండరు. రెండు మూడు గంటలు ముందే వెళ్లండి, మడత కుర్చీ పట్టుకెళ్లండి, బ్యాండ్ వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడండి.