వెనక పెద్దవి, ముందు చిన్నవి

పోయిన నెల జీపుకి వెనక టైర్లు రెండూ అరిగిపోతే మార్పించాను. మన సైజు 235/70 ఆర్ 16. షాపులో అది లేదు, 245/75 ఉంది. "వెనక కాస్త ఎత్తుంటే లుక్కే వేరు సార్" అన్నాడు. లుక్కుకి పడిపోయాను.

హైవే మీద టూ వీల్‌లో, అంటే ఇంజను వెనక చక్రాల్నే తిప్పేటప్పుడు, ఏ తేడా తెలియలేదు. మారేడుమిల్లి నుంచి గుడిసె కొండ ఎక్కడానికి, నాలుగు చక్రాలూ లాగేలా ఫోర్ వీల్ వేశాను. బురదలో బాగానే లాగింది. దిగి తారు రోడ్డెక్కాక తీయడం మర్చిపోయా. స్టీరింగ్ బిగుసుకుంది, కింద ఠక్ ఠక్ మని చప్పుడు, ఫోర్ వీల్ లివర్ ఎంత లాగినా రాదు. పిల్లలు వెనక సీట్లో, నాకేమో చెమటలు.

అక్కడి జీపు డ్రైవరు ఒకాయన టైర్లు చూసి నవ్వాడు. "నాలుగు బారలు వెనక్కి పోనివ్వండి బాబూ." పోనిచ్చాను. లివర్ వెన్నలా వచ్చేసింది!

ఇంటికొచ్చి లెక్క వేశా. చిన్న టైరు ఒక చుట్టుకి 231 సెంటీమీటర్లు పోతే, పెద్దది 243. అంటే కిలోమీటరుకి ముందు చక్రాలు ఇరవై చుట్లకు పైగా ఎక్కువ తిరగాలి. ముందు, వెనక చక్రాల్ని వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, మధ్య డిఫరెన్షియల్, మా జీపులో లేదు. ఫోర్ వీల్ వేస్తే ముందూ వెనకా షాఫ్టులు ఒకే వేగంతో తిరగాల్సిందే. బురదలో టైరు జారి ఆ తేడాని సర్దేస్తుంది, తారు మీద జారదు. ఆ మెలికంతా గేర్ల మీదే పడుతుంది.

ఆ రెండు టైర్లూ ఇప్పుడు పెరట్లో ఉన్నాయి. మా ఆవిడ ఒకదాంట్లో బంతి నారు పోసింది.