పహాణీలో రెండు పేర్లు

రజాకార్ల జమానాలో మా ముత్తాతను చంపారని చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఎప్పుడు, ఎందుకు అంటే మాత్రం తలా ఒక మాట. పోయిన ఏడాది బాపుకు ఒంట్లో బాగాలేకపోయేసరికి, ఇక ఈ సంగతి వాయిదా వేయొద్దనుకున్నాను.

ముందు బాపమ్మను అడిగాను. ఆమె పుట్టిందీ మా ఊళ్లోనే, అప్పటికి ఎనిమిదేళ్ల పిల్ల. తారీఖు అడిగితే ఏమీ గుర్తురాలేదు. "అప్పుడు చేన్ల ఏముండె?" అని అడిగితే మాట కదిలింది. "మక్క కంకి పట్టింది. సంఘపోళ్లకు సద్ది కట్టిచ్చిండని మా మామను చింతచెట్టు కాడికి గుంజుకపోయిండ్రు. బైరాన్‌పల్లి మీద పడ్డ నాలుగొద్దులకే."

సంఘపోళ్లంటే నిజాం పాలనకు ఎదురుతిరిగిన ఆంధ్ర మహాసభవాళ్లు. బైరాన్‌పల్లిలో రజాకార్ల ఊచకోత జరిగింది 1948 ఆగస్టు 27న. అంటే మా ముత్తాత పోయింది ఆ నెలాఖరులో. భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి దిగిన పోలీసు యాక్షన్ మొదలైంది సెప్టెంబర్ 13న. మధ్యలో రెండు వారాలే. ఆ రెండు వారాలు నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

మరణాల రిజిస్టర్ దొరకలేదు. ఊరి పెద్దమనిషి ఒకాయన ఖాస్రా పహాణీ చూడమన్నాడు. 1954-55లో ఏ భూమి ఎవరి పేర, ఎవరి కబ్జాలో ఉందో రాసిన రికార్డు అది. నకలు కోసం ఆఫీసులో మూడుసార్లు తిప్పారు. పేజీ చినిగిపోయిందన్నారు, మళ్లీ అదే పేజీ దొరికిందన్నారు. భూమి పంచాయితీ లేదంటే ఎవరూ నమ్మలేదు.

నకలు ఉర్దూలో ఉంది. రిటైరయిన ఉర్దూ సారు ఒకాయన కుడి నుంచి ఎడమకు వేలు పెట్టి చదివాడు. వల్ద్ అంటే ఫలానా వాళ్ల కొడుకు, జౌజె అంటే ఫలానా వాళ్ల భార్య. మా దిక్కు పట్టా కాగితాలు చూసినవాళ్లకు ఇవి తెలిసిన మాటలే. మా సర్వే నంబరుకు ఎదురుగా ముత్తవ్వ పేరుంది. పక్కన జౌజె లేదు. "బేవా," అన్నాడు సారు మెల్లగా. విధవ అని.

ఆయన వేలు ఇంకో రెండు గీతలు కిందికి దిగి ఆగింది. అక్కడ కూడా బేవా. ముస్లిం పేరు.

ఇంటికొచ్చి ఆ పేరు చెబితే బాపమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "మసీదెన్క ఇల్లు. ఆయన రజాకార్ గాదు బిడ్డా, దర్జీ. మిల్ట్రీ వచ్చినంక మనోళ్లే సంపిండ్రు."

పోలీసు యాక్షన్ సమయంలో, ఆ తర్వాత కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని, అప్పట్లో కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసిందని ఎప్పుడో చదివాను. ఆ లెక్కలో మా ఊరి మనిషి ఉంటాడని, చంపినవాళ్లు 'మనోళ్లు' అయి ఉంటారని ఎన్నడూ అనుకోలేదు. ముత్తాత కథ అందరూ చెప్పారు. దర్జీ కథ డెబ్బై ఏళ్లలో ఒక్కరూ ఎత్తలేదు.

దర్జీ బిడ్డ బాపమ్మతో గవ్వలాడేదట. పెళ్లయి జహీరాబాద్ దిక్కు పోయిందని విన్నదట. వచ్చే నెల నకలు తీసుకొని ఆ కుటుంబాన్ని వెతకడానికి వెళ్తున్నాను. బాపమ్మ తానూ వస్తానంటోంది.